షోరూంల పికప్, మంథని తోవల పికప్

కారు కొనబోయేవాళ్లు మా పెద్దపల్లిలో మొదట అడిగేది మైలేజీ, తర్వాత పికప్. పికప్‌కు షోరూంలో దొరికే జవాబు ఒక్కటే అంకె: సున్నా నుంచి వందకు ఇన్ని సెకండ్లు. పోయిన మే నెలలో మా బామ్మర్ది ఇంటిల్లిపాదినీ కొత్త బండిలో ఎక్కించుకొని మంథని బయలుదేరాడు. ముందు ఇసుక లారీ. దాటబోయాడు, ఎదురుగా బస్సు కనబడింది, బ్రేకు తొక్కి మళ్లీ లారీ వెనక్కే వచ్చాడు. సాయంత్రం మా ఇంటికొచ్చి, "పన్నెండు సెకండ్ల బండి అన్నరు గద బావా, ఎంత తొక్కినా కదలనే లేదు" అన్నాడు. పిల్లలున్న బండి. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఆ పన్నెండు సెకండ్లు అబద్ధం కాదు. కాకపోతే అవి పుట్టిన చోటు వేరు. మధ్యప్రదేశ్‌లో ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో 2021లో ప్రారంభించిన నాట్రాక్స్ వాహన పరీక్షల ట్రాక్ పొడవు 11.3 కిలోమీటర్లు. ఇలాంటి పరీక్షలకు కావలసింది అటువంటి తోవ: చదునుగా, శుభ్రంగా, ఎదురుగా ఏ బండీ రాకుండా. కారులో ఒకరో ఇద్దరో ఉంటారు. నిలబడి ఉండగానే ఇంజనుకు రేసు పెంచి, క్లచ్ ఠక్కున వదిలి, ప్రతి గేరునూ చివరిదాకా లాగి మారుస్తారు. సొంత డబ్బు పెట్టి కొన్న బండిని ఎవరూ అలా తోలరు.

కొలత మాత్రం చాలా జాగ్రత్తగా జరుగుతుంది. ఒకప్పుడు బండి వెనక అయిదో చక్రం తగిలించి వేగం రాసుకునేవారు. ఇప్పుడు సెకనుకు పదులసార్లు వేగం నమోదు చేసే జీపీఎస్ పెట్టెలు వచ్చాయి. ఒకే తోవలో అటోసారి ఇటోసారి నడిపి సగటు తీస్తారు. దానికి కారణముంది. వంద మీటర్లకు ఒక్క మీటరు ఎత్తు పెరిగితే మన కంటికి ఆనదు. కానీ ఆ కాస్త ఎత్తే ప్రతి సెకనుకూ పెరగాల్సిన వేగంలోంచి సెకనుకు 0.1 మీటరు తినేస్తుంది.

అమెరికాలో ఇంకో ఆచారం ఉంది. డ్రాగ్ రేసుల పద్ధతిలో, బండి మొదటి అడుగు దూరం కదిలాకే గడియారం మొదలవుతుంది. ఆ ఒక్క అడుగుకు సెకనులో మూడో నాలుగో వంతు పడుతుంది. టెస్లా మోడల్ ఎస్ ప్లాయిడ్‌కు ప్రకటించిన 1.99 సెకండ్లలో ఆ అడుగు తీసేశామని కంపెనీయే చెప్పింది. పైగా వాళ్లు కొలిచేది 60 మైళ్ల దాకా, అంటే మన లెక్కలో 96.6 కిలోమీటర్లే.

సెల్‌ఫోన్‌తో మీటరును వీడియో తీసి పికప్ లెక్కగట్టేవారూ ఉన్నారు. వేగం మీటరు ఉన్నదానికంటే తక్కువ చూపించకూడదు, ఎక్కువ చూపించవచ్చు. ఐక్యరాజ్యసమితి నిబంధన ప్రకారం నిజంగా 100 మీద పోతున్నప్పుడు ముల్లు 114 దాకా చూపినా తప్పు కాదు. అంటే ముల్లు 100 తాకిన క్షణానికి బండి ఇంకా ఆ వేగం అందుకుని ఉండకపోవచ్చు.

ఇక మా బామ్మర్ది బండి సంగతి. 1,200 కిలోల కారు 100 కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే దానికి దాదాపు 4.6 లక్షల జౌళ్ల శక్తి ఎక్కించాలి. అయిదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను కలిసి ఇంకో 400 కిలోలనుకుందాం. కావలసిన శక్తి 6.2 లక్షల జౌళ్లకు పెరుగుతుంది. ఇంజను అదే, కాబట్టి 12 సెకండ్ల పని 16 సెకండ్లవుతుంది. దీనికి ఎండ తోడు. రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి 6 శాతం పలచన. టర్బో లేని పెట్రోలు ఇంజనుకు ఆ మేరకు ప్రాణవాయువు తక్కువ అందుతుంది, బలం తగ్గుతుంది. ఆ ఎండకే ఏసీ కూడా వేసుకుంటాం, దాని కంప్రెసర్ తిరిగేదీ ఇంజను బలంతోనే.

అయినా రెండు లైన్ల తోవలో మన ప్రాణాలు ఆధారపడేది సున్నా నుంచి వంద మీద కాదు, 50 నుంచి 90 మీద. లెక్క వేసి చూద్దాం. లారీ 50 వేగంతో పోతోంది. దాని పొడవు 10 మీటర్లు, మన కారు 4, వెనక 15, దాటాక ముందు 15 మీటర్ల ఎడం. లారీ కంటే మనం 44 మీటర్లు ఎక్కువ పోవాలి. సరైన గేరులో, ఖాళీ బండి వేగం సెకనుకు 1.5 మీటర్ల చొప్పున పెరిగిందనుకుంటే 7.7 సెకండ్లు చాలు. ఎదుటి బండి 80 మీద వస్తుంటే మొత్తం 320 మీటర్ల ఖాళీ తోవ కావాలి. నిండు బండికి, ఎండలో ఆ 1.5 కాస్తా 1కి దిగితే 9.4 సెకండ్లు, దాదాపు 380 మీటర్లు.

మన మోటారు పత్రికలు మూడో గేరులో 20 నుంచి 80కి, నాలుగో గేరులో 40 నుంచి 100కి పట్టే సమయాలు విడిగా అచ్చువేస్తుంటాయి. కారు కొనేముందు చూడాల్సిన అంకెలు అవి. టెస్ట్ డ్రైవ్‌కు కూడా ఒక్కరే పోకుండా ఇంట్లోవాళ్లను ఎక్కించుకొని, ఏసీ వేసుకొని పోవాలి.

ఈ లెక్కలన్నీ కాగితం మీద వేసి చూపించాక బామ్మర్దిని ఒక్క మాట అడిగాను, "ఆ పొద్దు లారీ ఎనకాల ఏ గేరుల ఉన్నవ్?"

కొంచెంసేపు ఆలోచించాడు. "అయిదులనే ఉండె బావా. గేరు మార్చుడు యాది లేదు."

50 వేగంలో అయిదో గేరు అంటే ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటుంది, చక్రాలకు అందే బలం బాగా తక్కువ. వేగం సెకనుకు అర మీటరు చొప్పున పెరగడమే గొప్ప. మళ్లీ అదే లెక్క వేశాను: 13.3 సెకండ్లు, 520 మీటర్లు. బస్సు అంత దూరంలో లేదని అతనే చెప్పాడు.