డి.ఎన్.ఎ.ను చదువు మూడు సర్పిలములు

ఒకానొక రకపు పండ్ల ఈగకు తలపై స్పర్శశృంగముల స్థానమున కాళ్ళు మొలచును. ఆంటెన్నపీడియా అను జన్యువు పనిచేయరాని చోట పనిచేయుటయే దీనికి కారణము. ఈ జన్యువులో 180 జతల క్షారములుగల భాగమొకటి కలదని, ఇతర జన్యువులలోను అట్టిదే కలదని 1984లో స్విట్జర్లాండు, అమెరికా శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. మానవునిలోను ఇట్టి జన్యువులు పెక్కు కలవు. ఆ భాగము నుండి తయారగు 60 అమినో ఆమ్లముల తునకయే హోమియోడొమైన్. ఇది గల మాంసకృత్తులు డి.ఎన్.ఎ.ను పట్టుకొని ఇతర జన్యువులను పనిచేయించును, లేదా ఆపును.

డి.ఎన్.ఎ. నిచ్చెనను విప్పకయే అందలి అక్షరములను ఇవి ఎట్లు గుర్తించును? మెలితిరిగిన ఆ నిచ్చెన వెంట ఒక పెద్ద గాడి, ఒక చిన్న గాడి సాగుచుండును. క్షారముల అంచులు ఈ గాడులలోనికి తెరచుకొనియుండును. పెద్ద గాడిలో ఏ జత అంచు దానిదే. కనుక జతలను విడదీయనక్కరలేదు.

హోమియోడొమైన్‌లో మూడు సర్పిలములు కలవు. మొదటి రెండు ప్రక్కప్రక్కన వ్యతిరేక దిశలలో నుండును. మూడవది వానికి అడ్డముగా నుండును. నీటికి దూరమగు స్వభావముగల అమినో ఆమ్లములు లోపల గుమిగూడి మూడింటిని బిగించును. ఇట్లు నిలకడ పొందిన మూడవ సర్పిలము పెద్ద గాడిలో ఒదుగును. మొదటి సర్పిలమునకు ముందున్న వదులైన కొస చిన్న గాడిలో దూరును. ఎన్‌గ్రెయిల్డ్ అను ఈగ మాంసకృత్తు విషయమున ఈ అమరికను 1990లో ఎక్స్-కిరణములు స్పష్టముగా చూపెను.

ఇక అక్షరముల సంగతి. 51వ స్థానమందలి ఆస్పరాజిన్ ఒక అడెనిన్‌తో రెండు హైడ్రోజన్ బంధములు కల్పించుకొనును. దాదాపు అన్ని హోమియోడొమైన్‌లలోను ఇచ్చట ఈ ఆమ్లమే కలదు. అందుచే వానిలో పెక్కు టి-ఎ-ఎ-టి అను వరుసను కోరును. కాని నాలుగక్షరముల వరుస యాదృచ్ఛికముగానే సగటున 256 అక్షరములకొకసారి వచ్చును (4×4×4×4). కనుక తరువాతి అక్షరములును, తోడు మాంసకృత్తులును అవసరమగును.

ఆ తరువాతి అక్షరములను ఎన్నుకొనుటలో 50వ స్థానము ముఖ్యము. ఆంటెన్నపీడియాలో ఇచ్చట గ్లుటమిన్ కలదు. ఈగ పిండమున తలభాగమును నిర్ణయించు బైకాయిడ్‌లో లైసిన్ కలదు. ఇది టి-ఎ-ఎ-టి తరువాత సి-సి ని కోరును. 1989లో ఆ లైసిన్‌కు బదులు గ్లుటమిన్ ఉంచగా బైకాయిడ్ ఆంటెన్నపీడియా కోరు వరుసనే పట్టుకొనెను.

మానవుని పిట్ఎక్స్2 మాంసకృత్తునందును 50వ స్థానమున లైసిన్ కలదు. దాని హోమియోడొమైన్‌లో ఒక్క అమినో ఆమ్లము మారినను కంటి ముందుభాగము, దంతములు సరిగా ఏర్పడకపోవచ్చును. అట్టివారికి నీటికాసుల వలన చూపు పోవు ప్రమాదమును కలదు. అరువదింటిలో ఒక్కదాని విలువ అంతటిది.