విశ్వవిద్యాలయ ఖాతాలు: అపోహలు – వాస్తవములు

కంప్యూటరు పాస్‌వర్డు తొలినాళ్ల చరిత్ర విశ్వవిద్యాలయ ప్రాంగణముననే నడచినది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు ఫెర్నాండో కొర్బాటో బృందము, ఒకే యంత్రమును పలువురు పంచుకొని పనిచేయుటకు నిర్మించిన వ్యవస్థలో, ఒకరి పత్రములు మరియొకరి కంటబడకుండుటకై ఎవరి రహస్యపదమును వారికి ఏర్పరచెను. 1962లో ఆలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన యంత్రసమయము చాలక, పాస్‌వర్డుల పట్టిక నంతయు ముద్రింపజేసికొని అన్యుల సమయమును వాడుకొనెను. నాటినుండి ఆరు దశాబ్దములు గడచినను, మన ఆచార్యులును, పరీక్షల విభాగపు ఉద్యోగులును, గ్రంథాలయ సిబ్బందియు ఈ విషయమున పెంచుకొన్న కొన్ని నమ్మకములు విద్యార్థులకు చేటు తెచ్చునవిగానే యున్నవి.

అపోహ: ‘నా ఖాతాలో దొంగిలించుటకేమున్నది?’

ఈ మాట అనువారు నిజముగా నిరాడంబరులే. కాని వారు తమ ఖాతాను తమ సొత్తుగా భావించుటలోనే పొరపాటున్నది. ఆచార్యుని ఈ-మెయిలులో ఆయన రహస్యమేదియు లేకపోవచ్చును. అయినను ఆ ఖాతాద్వారమున కావల నున్నవి విద్యార్థుల మార్కులు, ఆధార్ సంఖ్యలు, స్కాలర్‌షిప్పు జమయగు బ్యాంకు వివరములు, ఇంకను అచ్చునకు పోని ప్రశ్నపత్రములు. అంతేకాక, అపరిచితుని ఉత్తరమును శంకించు సహోద్యోగి, శాఖాధ్యక్షుని చిరునామానుండి వచ్చిన ఉత్తరమును శంకింపడు. దొంగకు కావలసినది తరచుగా ఆ విశ్వాసమే.

2018 నవంబరులో ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయమున జరిగినది ఇట్టిదే. ఒక ఉన్నతోద్యోగి ఈ-మెయిలు పెట్టెకు వచ్చిన మాయలేఖతో ప్రవేశించిన ఆగంతకులు, ఆ ఖాతా ఆధారముగా మరికొన్ని ఖాతాలను సంపాదించి, సిబ్బంది వ్యవహారములు, ఆర్థిక లెక్కలు, విద్యార్థుల వివరములు గల వ్యవస్థలలోనికి చొరబడిరి. సుమారు పందొమ్మిదేండ్ల నాటి వివరములు సైతము అందు నిలువయుండెను. లింకు నొక్కకున్న భయములేదను వారును ఈ సంగతి గమనింపవలయును: ఆ లేఖలోని లింకును ఎవరును నొక్కలేదని, దానిని పైపైన చూచుటయే జరిగినదని, 2019లో ఆ విశ్వవిద్యాలయము తానే ప్రకటించిన నివేదిక తెలుపుచున్నది. కావున జాగరూకతతో పాటు కంప్యూటరులోని సాఫ్ట్‌వేరును ఎప్పటికప్పుడు నవీకరించుకొనుటయు ఉద్యోగి విధులలో చేరినదే.

అపోహ: ‘నమ్మకస్తునికి పాస్‌వర్డు చెప్పిన దోషమేమి?’

మార్కుల నమోదుకు గడువు సమీపించినపుడు ఆచార్యుడు తన పాస్‌వర్డును పరిశోధక విద్యార్థి కిచ్చుటయు, సెలవుమీద పోవు సూపరింటెండెంటు తన లాగిన్‌ను దినవేతనపు ఆపరేటరునకు అప్పగించుటయు మన కార్యాలయములలో సహజమైపోయినది. ఇది ఔదార్యముగా కనబడును గాని, నా దృష్టిలో క్రిందివారికి చేయు అన్యాయము. కంప్యూటరు తన చిట్టాలో వ్రాసికొనునది ఖాతాదారుని పేరే గాని మీటలు నొక్కిన వ్రేళ్ల పేరు కాదు. రేపొక మార్కు తారుమారైనచో నిర్దోషి తన నిర్దోషిత్వమును నిరూపించుకొనుటకు ఆధారమేదియు మిగులదు. అపుడు నింద ఎవరిపై పడునో, ఉద్యోగభద్రత లేనివాని స్థితి ఎరిగిన వారికి వేరుగా చెప్పనక్కరలేదు. పని అప్పగింపవలసి వచ్చినపుడు, ఆ పనికి మాత్రమే పరిమితమైన ప్రత్యేక ఖాతాను కంప్యూటరు కేంద్రమువారి నడిగి ఇప్పించుట ధర్మము. కేంద్రమువారు దానిని వారములకొలది జాప్యము చేసినచో తప్పు వారిదియు నగును.

అపోహ: ‘మూడు నెలల కొకసారి మార్చినదే మంచి పాస్‌వర్డు.’

ఈ నమ్మకము ఉద్యోగుల స్వకపోలకల్పితము కాదు. 2003లో అమెరికా ప్రమాణముల సంస్థ కొరకు మార్గదర్శకములు రచించిన బిల్ బర్, చిత్రవిచిత్రాక్షరములను, తరచు మార్పును సిఫారసు చేసెను. నిర్బంధించి మార్పించినపుడు మనుష్యులు చివరనున్న ఒకటిని రెండుగా మార్చి ఊరకుందురని అనుభవమున తేలినది. 2017లో ఆ సంస్థయే ఆ నియమములను విడనాడెను, తన సలహాలకు బర్ పశ్చాత్తాపమును ప్రకటించెను. ఇప్పటి మతమున ముఖ్యమైనవి పాస్‌వర్డు దీర్ఘముగా నుండుట, ఒకచోట వాడినది వేరొకచోట వాడకుండుట. సంబంధము లేని నాలుగైదు మాటలు కూర్చిన పదబంధము గుర్తుండును, ఊహకందదు. తక్కినవానిని పాస్‌వర్డు మేనేజరున భద్రపరుపవచ్చును. బయటపడినదను అనుమానము కలిగిన దినమున మాత్రము తక్షణమే మార్చవలయును.

అపోహ: ‘చిరునామా ప్రక్క తాళపుబొమ్మ ఉన్నది గదా!’

ఆ బొమ్మ మార్గము గోప్యమని మాత్రమే తెలుపును, గమ్యము సజ్జనుని ఇల్లని కాదు. దొంగ పుటలకును ఆ బొమ్మ సులభముగా లభించుచున్నందున, క్రోమ్ బ్రౌజరు 2023లో దానిని తొలగించినది. ఓటీపీ విషయమును ఇట్టిదే: అది లేకుండుటకంటె ఉండుట మిక్కిలి మేలు, కాని మాయపుటలో మనము వ్రాసిన ఓటీపీని ఆ క్షణమే అసలు పుటలో వాడుకొను నేర్పు దొంగలకు కలదు. పాస్‌వర్డునకు బదులుగా వాడునదియు, అసలు చిరునామాతోనే ముడిపడియుండునదియు నగు పాస్‌కీ లభ్యమైనచోట దానినే ఎన్నుకొనుట యుక్తము.

అపోహ: ‘జరిగినది చెప్పినచో మెమో వచ్చును, ఊరకున్న దానంతట అదే సర్దుకొనును.’

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయమున మాయలేఖలు తెరువబడినది 2019 అక్టోబరు నడుమ; 267 సర్వర్లు స్తంభించినది డిసెంబరు 23న. విశ్వవిద్యాలయము చివరకు ఆగంతకులకు ముప్పది బిట్‌కాయిన్లు విమోచనధనముగా చెల్లించి ఫైళ్లను విడిపించుకొనెను. తొలి అడుగునకును వినాశమునకును నడుమ రెండు నెలలకు పైబడిన కాలము గడచుట చూచినచో, మొదటి దినమున చెప్పిన మాటకు గల విలువ తెలియగలదు. మన దేశమున కంప్యూటరు భద్రతా సంఘటనలను చూచు కేంద్ర ప్రభుత్వ సంస్థయగు సెర్ట్-ఇన్ 2022లో ఇచ్చిన ఆదేశము ననుసరించి ఇట్టి సంఘటనలను ప్రభుత్వ సంస్థలు గుర్తించిన ఆరు గంటలలో దానికి తెలుపవలసియున్నది. ధనము పోయినచో సైబరు మోసముల సహాయవాణి యగు 1930 నంబరునకు వెంటనే ఫోను చేయవలయును. ఉద్యోగి రెండు దినములు భయపడి దాచినచో ఆ ఆరు గంటల గడువునకు అర్థమే లేదు. అందుచేత రిజిస్ట్రార్లు మొదట జారీచేయవలసిన ఉత్తర్వు, తన పొరపాటును తానే సత్వరము తెలిపిన వానిపై చర్య ఉండదని.