ఒక్క అసాధ్యం, మిగతాదంతా లెక్క

తెలుగులో సైన్స్ ఫిక్షన్ అనగానే ముందు నోటికొచ్చే పేరు ‘ఆదిత్య 369’. 1991 జూలైలో విడుదలైన ఆ సినిమాను 2025 ఏప్రిల్‌లో 4కే రూపంలో మళ్లీ థియేటర్లకు తెచ్చారంటే, దాని మీద జనానికి ఉన్న ఇష్టం ముప్ఫై ఏళ్లు దాటినా తగ్గలేదనే అర్థం. దాన్ని తీసిన సింగీతం శ్రీనివాసరావు పేరు వచ్చినప్పుడల్లా మనవాళ్లు ‘ప్రయోగాల దర్శకుడు’ అని బిరుదిచ్చి ఊరుకుంటారు. మాటలు లేని సినిమా తీశారు, కమల్‌హాసన్‌ను మరుగుజ్జును చేశారు, బాలకృష్ణను టైమ్ మెషిన్ ఎక్కించారు అని వరసగా చదివేస్తారు. అందులో అబద్ధం ఏమీ లేదు. కాకపోతే ఆ వరస వింటే ఆయనెవరో టోపీలోంచి కుందేళ్లు తీసే మనిషని అనిపిస్తుంది. తెర మీద పనిని దగ్గరగా చూస్తే మాత్రం లెక్క తప్పని ఒక మాస్టారు కనిపిస్తారు. సినిమాకు ఒక్కటే అసాధ్యం. దాన్ని మొదటి అరగంటలో ప్రేక్షకుడి చేత ఒప్పించుకుంటారు. ఆ తర్వాత ప్రతి సన్నివేశం మామూలు మనుషుల ఆకలి, భయం, పేరాశల లెక్కలోనే నడుస్తుంది. ‘టైమ్ మెషిన్’ రాసిన హెచ్.జి. వెల్స్ కూడా తన కథల గురించి దాదాపు ఇదే చెప్పుకున్నాడు. మన దగ్గర ఆ సూత్రాన్ని కెమెరాతో పాటించినవాళ్లలో సింగీతం అంత నిష్ఠ ఉన్నవాళ్లు నాకు కనిపించరు.

ఆ నిష్ఠ ఎక్కడిదో వెతకడం కష్టం కాదు. ఆయన 1931లో నెల్లూరు జిల్లా ఉదయగిరిలో పుట్టారు, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ చదివారు, ఆ తర్వాత కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా చేరారు. షూటింగుకు ముందే ఏ సీను ఎన్ని నిమిషాలో, ఎన్ని అడుగుల ఫిల్మో తేల్చుకునే దర్శకుడు కె.వి. రెడ్డి. ఆయన తీసిన ‘మాయాబజార్’ (1957) గురించి చెప్పుకునేటప్పుడు మనం ఎగిరే లడ్డూలనే తలుచుకుంటాం. అసలు పనితనం మాయాశశిరేఖలో ఉంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తాడు, అదొక్కటే అసాధ్యం. రూపం మారింది గానీ మనిషి మారలేదు. అందుకే సావిత్రి అద్దం ముందు మగరాయుడిలా నడుస్తుంది, పెళ్లిపీటల మీద రేలంగిని హడలగొడుతుంది. నవ్వంతా ఆ ఒక్క ఒప్పందం నుంచి పుట్టిందే. ట్రిక్కు మార్కస్ బార్‌ట్లే కెమెరాది కావచ్చు. ఆ ట్రిక్కుకు ఏ హద్దు గీయాలన్న ఆలోచన మాత్రం స్క్రిప్టుది. ఆ పాఠశాలలో చదివిన కుర్రాడు తర్వాత టైమ్ మెషిన్ కథ పట్టుకున్నాడంటే ఆశ్చర్యపడాల్సింది లేదు.

1987 నాటి ‘పుష్పక విమానం’లో అసాధ్యం కథలో లేదు, నిర్మాణంలో ఉంది. ఒక నగరం, ఒక హోటల్, నిండా మనుషులు, ఒక్కరూ నోరు విప్పి మాట్లాడరు. మూకీ సినిమా అని కొందరు అంటారు గానీ అది పొరపాటు. కార్ల హారన్లు, తలుపుల కిర్రుమనడాలు, జనం సందడి, ఎల్. వైద్యనాథన్ సంగీతం, అన్నీ వినిపిస్తూనే ఉంటాయి. మాట మాత్రమే తీసేశారు. తీసేశాక ఆ ఖాళీని శబ్దంతోనే ఎలా నింపారో ఒక్క ఘట్టం చాలు చెప్పడానికి. నిరుద్యోగి హీరో ఒక ధనవంతుడిని తన గదిలో కట్టిపడేసి, వాడి తాళంచెవితో పెద్ద హోటల్లో దిగుతాడు. మెత్తటి పరుపు, చల్లటి గాలి, అయినా నిద్ర రాదు. పాత గది సినిమా హాలును ఆనుకుని ఉండేది, రోజూ ఫైటింగుల గోలలోనే నిద్రపోయే అలవాటు. వెళ్లి ఆ గోలను టేపురికార్డర్‌లో పట్టుకొచ్చి, హోటల్ గదిలో పెట్టుకుని హాయిగా నిద్రపోతాడు. డబ్బున్నవాడి గది దొరికినంత మాత్రాన వాడి నిద్ర దొరకదని చెప్పడానికి మరో దర్శకుడైతే నాలుగు పేజీల డైలాగు రాయించేవాడు. చంపడానికి వచ్చినవాడి చేతిలో మంచు కత్తి, పని అయ్యాక అది కరిగిపోతుంది. అది కూడా ఫిజిక్స్ చదివిన బుర్రకు తట్టే ఆలోచనే. ఈ సినిమాకు జాతీయ అవార్డు వచ్చింది. మాటలు లేకపోవడం వల్ల కన్నడ, తెలుగు, తమిళ, హిందీ ప్రేక్షకులు పేర్లు మాత్రం మార్చుకుని ఒకే సినిమా చూశారు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఎదురవుతుంది, తీసిపారేయదగ్గది కాదు. ‘పుష్పక విమానం’లోనూ, ‘విచిత్ర సోదరులు’లోనూ (1989, తమిళంలో ‘అపూర్వ సహోదరర్గళ్’), నాలుగు పాత్రల ‘మైకేల్ మదన కామరాజు’లోనూ (1990) కమల్‌హాసనే ఉన్నారు, ఘనత ఆయనదీ, కెమెరామెన్‌దీ కదా అని. సినిమా పదిమంది పని, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అప్పు అనే మరుగుజ్జు కోసం మోకాళ్లు మడిచి, వాటికే బూట్లు తొడుక్కుని నడిచింది కమల్. ఛాయాగ్రహణం పి.సి. శ్రీరామ్. కంప్యూటర్ సాయం లేని రోజులు. పక్కనుంచి చూపించాల్సి వస్తే కాళ్లు కనపడకుండా నేలలో గుంత తవ్వాలి, ఎదురుగా అయితే మడిచిన కాళ్లు వెనక దాక్కోవాలి. ఒక్కో కోణానికి ఒక్కో ఉపాయం. అంటే షాటు ఎటునుంచి తీయాలో ముందే తేలకపోతే అప్పు లేడు. ఆ తేల్చడం దర్శకుడి పని. పైగా కమల్ లేని చోట్ల కూడా ఇదే పద్ధతి కనిపిస్తుంది. ‘మయూరి’లో (1985) నిజంగానే కాలు పోగొట్టుకుని కృత్రిమ పాదంతో నాట్యం చేసిన సుధాచంద్రన్‌ను ఆమె పాత్రలోనే నిలబెట్టారు. నమ్మశక్యం కాని విషయం ఒక్కటే, అదీ నిజం. తక్కినదంతా ఒక మధ్యతరగతి ఇంటి కష్టం.

ఇప్పుడు ‘ఆదిత్య 369’. కథ అరువుదని అనేవాళ్లున్నారు. వెల్స్ నవల (1895) ప్రేరణ ఉందన్నది దాచాల్సిన విషయం కాదు. అయితే ఆ నవలలో మనం చూసే ప్రయాణమంతా ముందుకే, ఎనిమిది లక్షల ఏళ్ల అవతలికి. హాలీవుడ్ ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ (1985) కుర్రాడు వెనక్కే వెళ్తాడు, కానీ 1955 దాకానే. అక్కడ ఎదురయ్యేది సొంత అమ్మానాన్నల పడుచుదనం. సింగీతం తన జంటను, పొరపాటున ఎక్కిన కానిస్టేబుల్‌తో సహా, 1526కు పంపారు. కృష్ణదేవరాయల కొలువుకు. (అదే ఏడు ఉత్తరాన పానిపట్టులో బాబర్ గెలిచాడు, టైమ్ మెషిన్ కాస్త పక్కకు జరిగి ఉంటే వేరే సినిమా అయ్యేది.) తెలుగు ప్రేక్షకుడు ఆ కొలువుకు అంతకుముందే చాలాసార్లు వెళ్లొచ్చాడు. ‘తెనాలి రామకృష్ణ’లో (1956), ‘మహామంత్రి తిమ్మరుసు’లో (1962) ఎన్టీఆర్ రాయలుగా కూర్చున్నారు. 1991లో ఆయన కొడుకే ఆ కిరీటం పెట్టుకుని, అదే ముఖంతో ప్యాంటు చొక్కాలో ఇంకొకడై నిలబడ్డాడు. యంత్రం కొత్తది, దిగిన ఊరు బాగా తెలిసినది. అసాధ్యాన్ని ఒప్పించుకోవడానికి ఇంతకంటే తెలివైన దారి నాకు తోచదు.

తెలిసిన గతంలోకి వెళ్లడం ఎంత సులువో పల్నాటి గురజాల ప్రాంతపు మనిషికి విడమర్చి చెప్పక్కర్లేదు. పల్నాటి యుద్ధంలో ఒక పక్షమైన నలగామరాజు రాజధాని గురజాల. పన్నెండో శతాబ్దపు ఆ దాయాదుల పోరు పక్కనే కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు మళ్లీ మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు. వీరుల ఆయుధాలైన కొణతాలు ఊళ్ల నుంచి తరలివస్తాయి. కోడిపోరు నాడు నలగాముడి మంత్రి నాగమ్మ పుంజు ఒకవైపు, ఎదుటి పక్షపు బ్రహ్మనాయుడి పుంజు ఒకవైపు. ఎనిమిది వందల ఏళ్లు పైబడిన పగను నిన్నటి సంగతిలా మాట్లాడుకునే జనానికి వెనక్కి వెళ్లడం వింత కాదు. ముందుకు వెళ్లడమే వింత. భవిష్యత్తుకు మన దగ్గర ఉత్సవాలు లేవు, పాటలు లేవు, తెలిసిన ముఖాలు లేవు. సింగీతం గతాన్ని ముందు పెట్టి, భవిష్యత్తును తర్వాతకు ఉంచడంలో ఈ ఎరుక ఉందని నా నమ్మకం.

సినిమా బలహీనపడేదీ సరిగ్గా అక్కడే. 2504లో, యుద్ధం తర్వాతి రేడియేషన్‌కు భయపడి మనుషులు భూమి కింద బతుకుతుంటారు. సెట్టు, దుస్తులు, మాటతీరు అన్నీ కొత్తవే. ఆనుకోవడానికి తెలిసినదేదీ లేకపోవడంతో ఒక్క అసాధ్యం కాస్తా పది అసాధ్యాలైంది. ఈనాటి కుర్రకారు ఆ సెట్లను చూసి అట్టముక్కలని నవ్వుతారు. ఆ నవ్వులో న్యాయం సగమే ఉంది. అట్టముక్కలే కారణమైతే విజయనగరం సెట్టు కూడా నవ్వు తెప్పించాలి కదా, తెప్పించదు. ఫ్రాన్సులో క్రిస్ మార్కర్ 1962లో ‘లా జెటె’ అనే కాలప్రయాణం కథను దాదాపు పూర్తిగా కదలని ఫొటోలతోనే చెప్పాడు. ఖర్చు దాదాపు లేదు, అయినా ఇప్పటికీ ఎవరూ నవ్వరు. ఎందుకంటే అతను గీసుకున్న గీత దాటలేదు. 2504లో సింగీతం తన గీత తానే దాటారు.

ఒక్క టైమ్ మెషిన్ సినిమాతో సైన్స్ ఫిక్షన్ దర్శకుడు ఎలా అవుతాడు, తక్కినవి జానపదాలు, హాస్యాలే కదా అన్నది మరో వాదన. లేబుల్ కోసం పోట్లాడితే ఓడిపోతాం. ‘భైరవద్వీపం’ (1994) చందమామ కథే: మాంత్రికుడు, శాపం, బొటనవేలంత మనుషులు. కానీ అందులోనూ అందగాడైన హీరో కురూపి అయ్యాక కథ ఆ ముఖం చుట్టూనే తిరుగుతుంది. ఆ రూపంతో రాకుమారి ముందు నిలబడలేని బాధను బాలకృష్ణ చేత మోయించారు. మాయకు పర్యవసానం ఉంటుంది. పర్యవసానాలను ఇలా లెక్కగట్టే బుద్ధినే నేను సైన్స్ ఫిక్షన్ బుద్ధి అంటాను, యంత్రం ఉన్నా లేకపోయినా. దీనికి తలకిందుల ఉదాహరణ ఆయన సినిమాల్లోనే ఉంది. 2001లో ‘లిటిల్ జాన్’ నాటికి కంప్యూటర్ గ్రాఫిక్స్ చేతికొచ్చాయి. ఏది కావాలంటే అది చూపించే వీలు కలిగింది. ఆ సినిమా ఇవాళ గుర్తున్నవాళ్లు ఎంతమంది? గుంత తవ్వి తీసిన అప్పు మాత్రం ఇంకా అందరికీ గుర్తే.

2024 జూన్‌లో వచ్చిన నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’కి సింగీతం మార్గదర్శకుడిగా ఉన్నారు, తొంభై దాటిన వయసులో. అక్కడ కోట్లకు కోట్లు, వందలమంది గ్రాఫిక్స్ పనివాళ్లు. అయినా ఆ సినిమా కూడా భవిష్యత్తులోకి నేరుగా దూకలేదు. కురుక్షేత్రంతో మొదలుపెట్టి, అశ్వత్థామను వెంట తీసుకుని వెళ్లింది. ఆ నిర్ణయం ఎవరిదో నేను చెప్పలేను గానీ, 1526 మీదుగా 2504కు వెళ్లిన దారి అది.