నౌక ఎక్కడుందో చెప్పే ఫైలు

రైల్వే టైంటేబుల్ చూడడం మీకందరికీ తెలుసు. బండి విజయవాడలో ఎన్ని గంటలకు బయలుదేరుతుందో, ఏలూరుకు ఎన్ని గంటలకు చేరుతుందో అందులో రాసి ఉంటుంది. మరి ఆ రెండూళ్ళ నడుమ, సరిగ్గా 10 గంటల 17 నిమిషాలకు బండి ఎక్కడుంది? ఆ సంగతి టైంటేబుల్ చెప్పదు. మనమే లెక్కకట్టాలి. అయినా బండికి పట్టాలున్నాయి కనుక వాటిని దాటి ఎక్కడికీ పోదు. పట్టాలే లేని ప్రయాణమైతే?

2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-1 చంద్రుని చుట్టూ మొదట సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున తిరిగింది. ఆ ఎత్తున తిరిగే నౌకకు కింద నేల సెకనుకు ఒకటిన్నర కిలోమీటరు చొప్పున వెనక్కు జరిగిపోతూ ఉంటుంది. నౌక ఒక ఫోటో తీసింది. అందులో ఒక గుంట కనిపించింది. ఆ గుంట చంద్రునిమీద ఏ చోట ఉన్నట్టు? ఫోటో తీసిన క్షణాన నౌక ఎక్కడుందో తెలిస్తేనే చెప్పగలం. ఆ క్షణాన్ని చెప్పడంలో ఒక్క సెకను పొరబడ్డామా, ఒకటిన్నర కిలోమీటరు అవతలి గుంటను చూపిస్తాం.

నౌకను కళ్ళతో చూసేవారెవరూ ఉండరు. భూమిమీది పెద్ద యాంటెన్నాలు దానికి రేడియో సంకేతాలు పంపుతాయి. అవి వెళ్ళి తిరిగి రావడానికి పట్టిన కాలాన్నిబట్టి దూరం, పౌనఃపున్యంలో వచ్చిన మార్పునుబట్టి వేగం తెలుస్తాయి. ఈ కొలతలను, గురుత్వాకర్షణ సూత్రాలను కలిపి శాస్త్రజ్ఞులు నౌక నడిచిన దారిని నిర్ణయిస్తారు. అంత కష్టపడి సాధించిన ఫలితాన్ని చివరకు ఒక కంప్యూటర్ ఫైలులో రాసిపెడతారు. ఈ వ్యాసం ఆ ఫైలును గురించీ, దాన్ని రాసే ఫోర్ట్రాన్ సబ్‌రొటీన్లను గురించీ.

అమెరికాలోని పాసడీనాలో జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ఉంది. అక్కడ నైఫ్ అనే బృందం తయారుచేసిన పద్ధతికి స్పైస్ అని పేరు. మసాలాకూ దీనికీ సంబంధం లేదు. కొన్ని ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరది. ఈ పద్ధతిలో నౌకల, గ్రహాల దారులు రాసి ఉండే ఫైలును ఎస్.పి.కె. ఫైలు అంటారు. యూరోపియన్ అంతరిక్ష సంస్థ కూడా తన నౌకల వివరాలను ఈ రూపంలో అందిస్తుంది.

ఫైలులో ఏముంటుందో చూద్దాం. ఒక క్షణంలో నౌక స్థితిని చెప్పడానికి ఆరు సంఖ్యలు చాలు. మూడు అక్షాల వెంబడి దాని దూరాలు మూడు, ఆ మూడు దిక్కుల్లో వేగాలు మూడు. దూరం కిలోమీటర్లలో, వేగం సెకనుకు కిలోమీటర్లలో ఉండాలి. కాని ఈ ఆరు సంఖ్యలను కాగితంమీద రాసి మీకిస్తే ఏం చేసుకుంటారు? ఎవరి స్థితి ఇది? ఎక్కడినుండి కొలిచారు? అక్షాలు ఏ వైపు చూస్తున్నాయి? ఏ క్షణాన? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు లేకపోతే ఆ కాగితం చిత్తుకాగితమే.

మొదటి రెండు ప్రశ్నలకు జవాబుగా ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క సంఖ్య కేటాయించారు. సూర్యుడు 10, భూమి 399, చంద్రుడు 301, కుజుడు 499. నౌకలకు ఋణ సంఖ్యలు. వాయేజర్-1 సంఖ్య మైనస్ 31, వాయేజర్-2 సంఖ్య మైనస్ 32. సౌరకుటుంబం మొత్తానికి ద్రవ్యరాశి కేంద్రం సున్న. భూమికీ చంద్రునికీ కలిపి ఉన్న ద్రవ్యరాశి కేంద్రం 3. ఇది మన ఇంటి చిరునామా వంటిదే. నౌక స్థానం చంద్రునినుండి ఇస్తారు, చంద్రుని స్థానం 3 నుండి, 3 స్థానం సున్ననుండి. ఇంటి నంబరు, వీధి, ఊరు, జిల్లా అన్నట్టు. వీటిని వరుసగా కూడితే సౌరకుటుంబంలో నౌక ఎక్కడున్నదీ తేలుతుంది. 399 అని రాయవలసిన చోట 3 అని రాస్తే ఎంత తప్పు వస్తుందో తెలుసా? భూకేంద్రానికీ ఆ ద్రవ్యరాశి కేంద్రానికీ మధ్య దూరం దాదాపు 4,670 కిలోమీటర్లు!

కాలాన్ని 2000 జనవరి 1 మధ్యాహ్నం 12 గంటలనుండి సెకన్లలో లెక్కిస్తారు. అంతకు ముందు జరిగినవన్నీ ఋణ సంఖ్యలే. వాయేజర్-1 ను ప్రయోగించిన 1977 సెప్టెంబరు 5, ఈ లెక్కన సుమారు మైనస్ 70 కోట్ల 44 లక్షల సెకన్లు. అయితే ఈ కాలం మన గడియారాలు చూపే కాలం కాదు. భూభ్రమణంతో సరిపోవడానికి మన గడియారాలకు అప్పుడప్పుడు ఒక సెకను కలుపుతూ వచ్చారు. గ్రహగణితపు కాలానికి అలా కలపరు. అందువల్ల 2017 జనవరి 1 నాటికి గ్రీనిచ్ ఆధారిత కాలానికీ దీనికీ తేడా 69 సెకన్లు దాటింది. భూమి సెకనుకు సుమారు 30 కిలోమీటర్లు పరుగెత్తుతుంది కదా! ఆ తేడా మరిచిపోతే భూమి 2,000 కిలోమీటర్లు పక్కకు జరిగినట్టే.

ఇక అసలు చిక్కుకు వద్దాం. నౌక స్థితిని ప్రతి క్షణానికీ రాసిపెట్టలేం. కొన్ని క్షణాలకే రాయగలం. మధ్యలో మాటేమిటి?

భూమినే తీసుకోండి. రోజుకొకసారి, అర్ధరాత్రికి, దాని స్థానం పట్టికలో ఉందనుకుందాం. మధ్యాహ్నం 12 గంటలకు ఎక్కడుంది? రెండు స్థానాలనూ సరళరేఖతో కలిపి మధ్యబిందువు తీసుకుందామా? కక్ష్యను వృత్తమనుకుంటే భూమి రోజుకు 360ని 365.25తో భాగించినంత, అంటే 0.9856 డిగ్రీలు తిరుగుతుంది. మనం గీసిన సరళరేఖ జ్యా, భూమి నడిచింది చాపం. జ్యా మధ్యబిందువుకూ చాపం మధ్యబిందువుకూ ఎడం ఎంత? వ్యాసార్థాన్ని (1 – కొసైన్ 0.4928 డిగ్రీలు) తో గుణించాలి. వ్యాసార్థం 14.96 కోట్ల కిలోమీటర్లు. గుణిస్తే సుమారు 5,500 కిలోమీటర్లు వస్తుంది! భూమి వ్యాసార్థమే 6,371 కిలోమీటర్లు. ఒక్క పూట లెక్కలో భూమి దాదాపు తన వ్యాసార్థమంత పక్కకు పోయిందన్నమాట.

కనుక సరళరేఖ పనికిరాదు, వంపు కావాలి. ఇక్కడ లెగ్రాంజ్ అంతర్వేశన సూత్రం అక్కరకొస్తుంది. చిన్న ఉదాహరణ చూడండి. కొండ అంచునుండి రాయిని జారవిడిచారు. గురుత్వ త్వరణం 10 అనుకుంటే 0, 1, 2 సెకన్లకు అది పడిన దూరాలు 0, 5, 20 మీటర్లు. 1.5 సెకన్లకు ఎంత? సరళరేఖతో 5, 20ల సగటు, 12.5 మీటర్లు. ఇప్పుడు లెగ్రాంజ్ చెప్పినట్టు మూడు విలువలకూ మూడు భారాలిద్దాం: మొదటిదానికి మైనస్ 1/8, రెండోదానికి 6/8, మూడోదానికి 3/8. భారాల మొత్తం 1 అని గమనించారా? 5కు 6/8 అంటే 3.75. 20కి 3/8 అంటే 7.5. కూడితే 11.25 మీటర్లు. సూత్రం ప్రకారం రాయి పడవలసిన దూరం కూడా సరిగ్గా 11.25 మీటర్లే!

రాయి దారి రెండో పరిమాణపు బహుపది కనుక మూడు బిందువులు సరిపోయాయి. నౌక దారి అంత సులువు కాదు, ఇంకా ఎక్కువ బిందువులు, ఇంకా పెద్ద పరిమాణం కావాలి. అలాగని పరిమాణాన్ని ఊరికే పెంచుకుంటూ పోతే పట్టిక చివరలలో వంపు అటూ ఇటూ ఊగిపోతుంది. ఎంత కావాలో చూసి ఎంచుకోవడం రాసేవాని పని. పట్టికలో వేగాలు కూడా ఉన్నాయి కనుక వాటినీ వాడుకుని వంపు గీసే పద్ధతి మరొకటి ఉంది, అది ఫ్రెంచి గణితజ్ఞుడు ఎర్మీట్ పేరుమీద ఉంది. గ్రహాలకైతే రష్యన్ గణితజ్ఞుడు చెబిషెవ్ బహుపదులు వాడతారు. దారిని ముక్కలుగా కోసి ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క బహుపది ఇస్తారు. కుజుని ముక్క 32 రోజులది. వంపు చకచకా మారే చంద్రునికి 4 రోజులకే ఒక ముక్క. 2021లో వెలువడిన డి.ఇ.440 అనే గ్రహ ఫైలు ఇలా 1550 నుండి 2650 దాకా కాలాన్ని కప్పుతుంది.

ఇప్పుడు మనమే ఒక ఫైలు రాద్దాం. చంద్రుని చుట్టూ తిరిగే నౌక స్థితులు ఒక రోజుకు, 60 సెకన్లకొకటి చొప్పున, మన దగ్గరున్నాయి. మొదటిదీ చివరిదీ కలుపుకుని 1,441 స్థితులు. ఒక్కొక్కదానికి ఆరు చొప్పున 8,646 సంఖ్యలు. సంఖ్యకు 8 బైట్లు కనుక మొత్తం 69 వేల బైట్ల పైచిలుకు.

రాయడానికి మూడు సబ్‌రొటీన్లు చాలు. వాటి పేర్లు ఎస్-పి-కె-ఓ-పి-ఎన్, ఎస్-పి-కె-డబ్ల్యు-0-8, ఎస్-పి-కె-సి-ఎల్-ఎస్. ఇవేం పేర్లు అని నవ్వకండి. ఫోర్ట్రాన్ 1957లో, జాన్ బాకస్ నాయకత్వాన, ఐ.బి.ఎం. కంపెనీలో పుట్టింది. ఫోర్ట్రాన్-77 ప్రమాణం ప్రకారం కూడా పేరు ఆరక్షరాలు మించకూడదు. ఆరక్షరాల్లో ఇంతకంటే అందంగా పేరు పెట్టడం ఎవరి తరం!

మొదటిది కొత్త ఫైలును తెరిచి మనకొక నంబరు ఇస్తుంది. సైకిల్ స్టాండులో ఇచ్చే టోకెను వంటిది. రెండోదానికి ఆ టోకెను చూపించి పన్నెండు వివరాలు వరుస తప్పకుండా ఇవ్వాలి. టోకెను, నౌక సంఖ్య, కేంద్రం సంఖ్య (మనకు 301), అక్షాల పేరు, ఎప్పటినుండి, ఎప్పటివరకు, ఈ ఖండానికి నలభై అక్షరాలు మించని పేరు, బహుపది పరిమాణం, స్థితుల సంఖ్య, స్థితుల పట్టిక, మొదటి స్థితి కాలం, స్థితికీ స్థితికీ మధ్య ఎడం. పట్టికను 6 అడ్డ వరుసలు, 1,441 నిలువు వరుసలుగా ప్రకటించాలి. ఫోర్ట్రాన్ నిలువు వరుసలవారీగా దాస్తుంది కనుక ఒక క్షణానికి చెందిన ఆరు సంఖ్యలూ పక్కపక్కనే ఉంటాయి. మూడో సబ్‌రొటీన్ ఫైలును మూస్తుంది. మూయకుండా ప్రోగ్రాము ముగిస్తే ఆ ఫైలు అసంపూర్తిగా మిగిలిపోతుంది.

ఈ రెండో సబ్‌రొటీన్ కాస్త గట్టిదే. ముగింపు కాలం ఆరంభానికి ముందుంటే ఒప్పుకోదు. స్థితుల మధ్య ఎడం సున్నగానో ఋణంగానో ఉంటే ఒప్పుకోదు. అడిగిన పరిమాణానికి సరిపడా బిందువులు లేకపోయినా ఒప్పుకోదు. తప్పు ఫలానా అని చెప్పి నిలబడిపోతుంది. కాని కిలోమీటర్లకు బదులు మీటర్లిస్తే మాత్రం మారు మాట్లాడకుండా రాసేస్తుంది. దానికి కనిపించేది సంఖ్యే, ప్రమాణం కనిపించదు.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. 1998 డిసెంబరు 11న అమెరికా కుజునివైపు మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌకను పంపింది. దారిలో నౌక చిన్న రాకెట్లను వెలిగించినప్పుడల్లా ఎంత ప్రచోదనం కలిగిందో భూమిమీది ఒక ప్రోగ్రాము ఫైలులో రాసేది. అది ఎస్.పి.కె. ఫైలు కాదు, దారి లెక్కకు ముడిసరుకుగా వాడే వేరొక ఫైలు. ఒప్పందం ప్రకారం ఆ సంఖ్యలు న్యూటన్-సెకన్లలో ఉండాలి. రాసినవి పౌండు-సెకన్లలో. ఒక పౌండు బలమంటే 4.45 న్యూటన్లు. చదివిన ప్రోగ్రాముకు ఆ సంగతి తెలియదు. ప్రతి తోపునూ నాలుగున్నర వంతులు తక్కువగా లెక్కవేసింది. నెలల తరబడి ఆ చిన్న తప్పులు పేరుకున్నాయి. కుజుని ఉపరితలానికి సుమారు 226 కిలోమీటర్ల ఎత్తుగా పోవాలని ఉద్దేశించిన నౌక, 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోయిందని తర్వాత తేలింది. 1999 సెప్టెంబరు 23న కుజుని చాటుకు వెళ్ళిన ఆ నౌకనుండి మళ్ళీ సంకేతం రాలేదు. (జవాబు పక్కన ప్రమాణం రాయకపోతే అర మార్కు కోసే మాష్టార్లమీద మీకు కోపం ఉంటే, ఈ పేరా మరొకసారి చదవండి.)

ఎస్.పి.కె. ఫైలులో వ్యాఖ్యలు రాసుకోవడానికి కొంత చోటు విడిగా ఉంటుంది. ఫైలును ఎవరు, ఎప్పుడు, ఏ కొలతలనుండి తయారుచేశారో మామూలు మాటల్లో అక్కడ రాయాలి. కంప్యూటర్ ఆ భాగాన్ని లెక్కలకు వాడదు. అది పదేళ్ళ తర్వాత ఆ ఫైలు తెరవబోయే మనిషి కోసం. నా దృష్టిలో ఫైలు మొత్తంలో అన్నిటికంటే బద్ధకంతో వదిలేసే భాగం, వదలకూడని భాగం అదే.

కొత్త కొలతలు వచ్చి దారి సవరించవలసి వస్తే పాతదాన్ని చెరపనక్కరలేదు. అదే ఫైలులో చివర కొత్త ఖండం చేరుస్తారు. ఒకే కాలానికి రెండు ఖండాలుంటే తర్వాత రాసినదే చెల్లుతుంది. ఫైలులో లేని కాలానికి స్థితి అడిగితే, చదివే సబ్‌రొటీన్ ఉజ్జాయింపుగా ఏదో ఒకటి చెప్పదు, సమాచారం చాలదని నిలిచిపోతుంది.

భూమికి మనం వేసిన జ్యా-చాపం లెక్క ఇప్పుడు చంద్రునికి మీరు వేయండి. దూరం 3,84,400 కిలోమీటర్లు, భూమి చుట్టూ తిరిగే కాలం 27.32 రోజులు. కక్ష్యను వృత్తమనుకోండి. రోజుకొక స్థానం చొప్పున రాసి, సరళరేఖతో కలిపితే మధ్యలో ఎంత తప్పు వస్తుంది? కొసైన్ పట్టిక దగ్గర పెట్టుకోండి. 2,500 కిలోమీటర్ల దరిదాపుల్లో వస్తే మీ లెక్క సరైనదే. చంద్రుని వ్యాసార్థం 1,737 కిలోమీటర్లు. ఆ లెక్కను నమ్మి నౌకను ఆ బిందువుకు పంపితే అక్కడ చంద్రుడు ఉంటాడో ఉండడో మీరే తేల్చండి.