ప్రాంతీయ ప్రజా రేడియో - పోషణ సమస్య

ఒక భాష చిరకాలము నిలుచుటకు గ్రంథములు, పాఠశాలలు ఎంత అవసరములో, ఆ భాష నిత్యము వినబడు తావులును అంత అవసరములు. ఇరువదవ శతాబ్దిలో అట్టి తావులలో ముఖ్యమైనది రేడియో. తెలుగువారికి ఈ విషయము అనుభవసిద్ధము. 1938లో మదరాసు కేంద్రము, 1948లో విజయవాడ కేంద్రము ప్రారంభమైన పిమ్మట సంగీతరూపకము, రేడియో నాటిక, ప్రసంగము మున్నగునవి మన వాఙ్మయమున ఎట్లు వేరూనినవో సాహిత్య చరిత్రకారులు ఎరుగుదురు. అయితే ఇట్టి కేంద్రములకు ధనమెచ్చటినుండి వచ్చును? ఇచ్చువారు మానుకొన్నచో ఏమగును? ఈ ప్రశ్నలను మనము అంతగా విచారింపలేదు. 2025లో అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇవి తీవ్రరూపము దాల్చినవి. అచటి ప్రాంతీయ రేడియో కేంద్రముల పోషణవిధానమును, దానికి కలిగిన విఘాతమును వివరించి, అందుండి మనము గ్రహింపదగినదానిని సూచించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మొదట 'ప్రజా రేడియో' అను మాటకు అర్థము చెప్పుకొనవలెను. మన ఆకాశవాణి ప్రభుత్వమే స్థాపించి నడపినది. అమెరికాలో రేడియో ఆదినుండియు ప్రధానముగా వర్తకుల చేతిలో పెరిగినది. ప్రకటనల ద్వారా వచ్చు ఆదాయమే దానికి ఆధారము. ఈ రెండు పద్ధతులకును భిన్నమైనది ప్రజా రేడియో. ఇది ప్రభుత్వశాఖ కాదు. లాభార్జనకై నడచునదియు కాదు. విశ్వవిద్యాలయములు, స్థానిక సంఘములు, ఆదివాసి తెగల సంస్థలు తమ తమ ప్రాంతములలో దీనిని నడపుచున్నవి. 1945లో అచటి ప్రభుత్వము ఎఫ్. ఎం. తరంగములలో 88 మొదలు 92 మెగాహెర్ట్‌జుల వరకు గల భాగమును విద్యావిషయక ప్రసారములకు ప్రత్యేకించుటచే ఇట్టి కేంద్రములకు చోటు దొరకినది. చోటు దొరకినది గాని ధనము దొరకలేదు.

ధనసమస్యకు మొదట ఒక సిద్ధాంతమును ప్రతిపాదించినవాడు లూయీ హిల్. అతడు స్థాపించిన పసిఫికా ఫౌండేషను 1949 ఏప్రిల్ 15న కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరమున కె.పి.ఎఫ్.ఎ. అను కేంద్రమును ప్రారంభించెను. ప్రకటనలు లేకుండ శ్రోతల చందాలతోనే కేంద్రము నడవవలెనని అతని సంకల్పము. వినువారందరును చందా చెల్లింపనక్కర లేదు, నూటికి ఇద్దరు చెల్లించినను చాలునని అతడు గణించెను. వినువారిలో అత్యధికులకు ప్రసారము ఉచితమే. కొలదిమంది ఇచ్చు ధనమే అందరికిని ఉపకరించును. ఈ ఆలోచన తరువాతి ప్రజా రేడియోకు మూలస్తంభమైనది. కాని ఆ కేంద్రమే 1950 ఆగస్టులో ధనము చాలక మూతపడినది. ఫోర్డ్ ఫౌండేషను ఏర్పరచిన వయోజన విద్యానిధి సహాయముతో 1951 మే నెలలో తిరిగి ప్రసారములు ప్రారంభింపగలిగెను. శ్రోతల చందా ఉత్తమమైన ఆధారమే గాని, ఆరంభదశలోను ఆపత్సమయమునను అదియొక్కటే చాలదని ఈ ప్రథమానుభవమే తెలిపినది.

ఇచట ఒక లెక్కను పరిశీలింతము. ఒక రేడియో కేంద్రమునకు సంవత్సరమునకు నాలుగు లక్షల డాలర్లు వ్యయమగునని ఉదాహరణకు అనుకొందము. ఇరువది లక్షల శ్రోతలున్న నగరమున నూటికి ఇద్దరనగా నలువదివేలమంది. ఒక్కొక్కరు పది డాలర్లిచ్చిన వ్యయము తీరును. ఇరువదివేల శ్రోతలు మాత్రమే ఉన్న గ్రామసీమలో నూటికి ఇద్దరనగా నాలుగువందలమంది. వారొక్కొక్కరు వేయి డాలర్లిచ్చిన గాని అదే వ్యయము తీరదు. ప్రసారయంత్రమునకును, స్తంభమునకును, విద్యుచ్ఛక్తికిని అగు వ్యయము శ్రోతల సంఖ్యననుసరించి తగ్గునది కాదు. జనము పలుచగానున్న విశాల ప్రదేశములలో అది పెరుగుటయు కలదు. కావున హిల్ సిద్ధాంతము నగరములయందు సత్యము. మారుమూల సీమలయందు అసాధ్యము. ప్రభుత్వ సహాయము యొక్క ఆవశ్యకత ఈ వ్యత్యాసమునుండియే పుట్టుచున్నది.

ఆ సహాయమునకు మార్గమేర్పడినది 1967లో. ఆ సంవత్సరము కార్నెగీ సంఘము విద్యావిషయక టెలివిజనుపై ఒక నివేదికను వెలువరించినది. దానినాధారముగా గొని రూపొందిన శాసనమున, రేడియో పక్షమువారి కృషిచే, రేడియో కూడ చేర్చబడినది. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1967 నవంబరు 7న ఆ శాసనముపై సంతకము చేసెను. దానివలన కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ అను సంస్థ ఏర్పడినది. ఇది స్వయముగా ప్రసారములు చేయునది కాదు. ప్రభుత్వధనమును గైకొని కేంద్రములకు పంచుటయు, ప్రభుత్వమునకును కేంద్రములకును నడుమ అడ్డుగోడవలె నిలుచుటయు దీని పనిగా ఉండెను. 1970లో నేషనల్ పబ్లిక్ రేడియో అను సంస్థ స్థాపితమై, మరుసటి ఏట జాతీయ ప్రసారములను ప్రారంభించినది. ప్రాంతీయ కేంద్రములు దీని కార్యక్రమములను రుసుము చెల్లించి కొనుచు, తమ స్థానిక కార్యక్రమములతో జోడించి ప్రసారము చేయుచున్నవి.

అయితే ఆ శాసనము పుట్టుకతోనే ఒక లోపము కలదు. టెలివిజను పెట్టెల అమ్మకముపై ప్రత్యేక సుంకము విధించి, ఆ మొత్తమును నేరుగా ప్రసార నిధికి చేర్పవలెనని కార్నెగీ సంఘము సూచించియుండెను. దేశ శాసనసభయైన కాంగ్రెసు ఆ సూచనను అంగీకరింపలేదు. తత్ఫలితముగా ఈ సంస్థ ప్రభుత్వపు బడ్జెటు నిర్ణయములపై ఆధారపడవలసినదైనది. 1972 జూన్ 30న అధ్యక్షుడు నిక్సన్ దీని నిధుల బిల్లును తిరస్కరించెను. అధికారము కేంద్రీకృతమగుచున్నదనియు, ప్రాంతీయ కేంద్రములకు ప్రాధాన్యముండవలెననియు అతడు కారణము చెప్పెను. ఇట్టి ఒడుదుడుకులను నివారించుటకై 1975 శాసనముతో, రాబోవు సంవత్సరముల నిధులను ముందుగానే మంజూరు చేయు పద్ధతి ప్రవేశపెట్టబడినది. క్రమముగా రెండేండ్లు ముందుగా మంజూరు చేయుట ఆచారమైనది. నేటి వార్తపై కోపము వచ్చినను నేటి నిధిని ఆపుట సాధ్యము కారాదని దాని భావము.

2025 నాటికి ఈ సంస్థకు లభించు వార్షికనిధి 53 కోట్ల 50 లక్షల డాలర్లు. దేశజనులలో ఒక్కొక్కరి వంతు రెండు డాలర్లలోపే. ఇందు నూటికి డెబ్బదికి మించిన భాగము దేశమందలి సుమారు 1,500 ప్రాంతీయ రేడియో, టెలివిజను కేంద్రములకు నేరుగా చేరుచుండెను. నేషనల్ పబ్లిక్ రేడియో ఆదాయములో ప్రభుత్వమునుండి నేరుగా వచ్చునది నూటికి ఒకటి మాత్రమే. ప్రాంతీయ కేంద్రములు చెల్లించు రుసుముల ద్వారా మరికొంత పరోక్షముగా చేరుచుండెను.

2025 మే 1న అధ్యక్షుడు ట్రంపు, నేషనల్ పబ్లిక్ రేడియోకును, టెలివిజను సంస్థయైన పి.బి.ఎస్.కును నిధులను నిలుపవలసినదని ఆజ్ఞాపత్రమును జారీచేసెను. వాటి వార్తలయందు పక్షపాతము కలదనునది ప్రధానాక్షేపణము. ఇంటర్నెట్టు మున్నగు సాధనములు విస్తరించిన ఈ కాలమున ప్రజాధనముతో వార్తాసంస్థలను పోషింపనక్కర లేదనునది రెండవ వాదము. పిమ్మట, మంజూరైన నిధులను ఉపసంహరించు బిల్లు కాంగ్రెసు ముందుకు వచ్చినది. సెనేటు జులై 17న 51 - 48 ఓట్లతోను, ప్రతినిధుల సభ జులై 18న 216 - 213 ఓట్లతోను దానిని ఆమోదించినవి. జులై 24న అధ్యక్షుడు సంతకము చేసెను. దానితో 2026, 2027 ఆర్థిక సంవత్సరములకు ముందుగానే మంజూరైన సుమారు 110 కోట్ల డాలర్లు రద్దైనవి. 1975 నాటి రక్షణకుడ్యము కేవలము అధికసంఖ్యాకుల ఓటుతో కూలినది. ఆగస్టు 1న కార్పొరేషను తన కార్యకలాపములను ముగించుచున్నట్లు ప్రకటించినది. 2026 జనవరిలో దాని పాలకవర్గము సంస్థను రద్దుచేయ నిశ్చయించినది.

ఈ దెబ్బ ఎవరికి తగిలినది? ఆక్షేపణ జాతీయసంస్థపై, గాయము ప్రాంతీయ కేంద్రములకు. అలాస్కాలోని బెథెల్ పట్టణమున 1971 నుండి నడచుచున్న కె.వై.యు.కె. కేంద్రమును ఉదాహరణముగా గొందము. కస్కోక్విమ్ నదీతీరముననున్న ఆ పట్టణ జనాభా 2020 లెక్కలలో ఆరువేల చిల్లర. దేశమందలి రహదారులతో దానికి సంబంధము లేదు. విమానమున గాని నదిపై గాని చేరవలెను. చుట్టును చిన్న చిన్న గ్రామములు. ఈ కేంద్రము ఆంగ్లమునను, ఆదివాసుల భాషయగు యూపిక్కునను ప్రసారములు చేయుచున్నది. దాని ఆదాయమున నూటికి సుమారు డెబ్బది కార్పొరేషను నిధియే అయియుండెను. సౌత్ డకోటాలో లకోటా భాషకు 1983 నుండి కిలి అను కేంద్రమును, ఆరిజోనాలో హోపీ భాషకు 2000 నుండి కుయి అను కేంద్రమును ఇట్లే నెలవులైనవి. ఈ భాషలలో దినపత్రికలు లేవు. వీటియందు ప్రకటనలిచ్చి లాభము గడింపగోరు వర్తకులును అరుదు. రేడియో మౌనము వహించినచో ఆ భాషలు బహిరంగముగా వినబడు తావు మరియొకటి దొరకుట దుర్లభము. ఇంటర్నెట్టు ఉన్నది గదా అనువారికి సమాధానము సులభము. ఏ సీమలలో ప్రజా రేడియో అత్యవసరమో, పెక్కింట ఆ సీమలలోనే ఇంటర్నెట్టు బలహీనము, వ్యయసాధ్యము.

భాషాప్రయోజనమొక్కటియే కాదు. సెనేటు ఈ బిల్లును చర్చించుచున్న 2025 జులై 16ననే అలాస్కా తీరమున 7.3 పరిమాణము గల భూకంపము వచ్చి, సునామీ హెచ్చరిక వెలువడినది. ఆ రాష్ట్రపు సెనేటు సభ్యురాలు లీసా మర్కౌస్కీ, అధికారపక్షమునకు చెందినదయ్యును, ప్రాంతీయ రేడియో కేంద్రములు అట్టి హెచ్చరికలను ప్రజలకు చేర్చుచున్నవని చూపి బిల్లును వ్యతిరేకించెను. మూడునెలలు గడువకమునుపే, అక్టోబరులో, హలోంగ్ తుపాను శేషము పశ్చిమ అలాస్కాపై విరుచుకుపడి కిప్నక్, క్విగిల్లింగాక్ గ్రామములను ధ్వంసము చేసినది. అవి కె.వై.యు.కె. ప్రసారసీమలోని గ్రామములే.

నిధులు రద్దైన తరువాత ఈ కేంద్రములను ఆదుకొనుటకు మూడు మార్గములు ప్రయత్నింపబడినవి. మొదటిది శ్రోతల విరాళములు. పలుచోట్ల శ్రోతలు పూర్వముకంటె ఉదారముగా స్పందించిరి. కాని, పైన చూపిన లెక్క ప్రకారము, ఈ ఔదార్యము ధనవంతములైన నగరములకు మేలుచేసినంతగా పేద సీమలకు మేలుచేయజాలదు. రెండవది ధర్మనిధుల సహాయము. 2025 ఆగస్టులో నైట్, మాక్ఆర్థర్, ఫోర్డ్ ఫౌండేషనులు మొదలగునవి కలసి, అత్యంత ప్రమాదస్థితిలోనున్న కేంద్రములకొఱకు సుమారు 3 కోట్ల 70 లక్షల డాలర్లు ప్రకటించినవి. ఇది శ్లాఘనీయమే గాని, రద్దైన వార్షికనిధిలో పదునాల్గవ వంతు మాత్రమే. పైగా ధర్మనిధి ఒక కష్టము గట్టెక్కించునుగాని నిత్యపోషణకు పూనుకొనదు. మూడవది పరస్పర సహకారము. యంత్రనిపుణులను, లెక్కలశాఖను, కొన్ని కార్యక్రమములను పలు కేంద్రములు కలసి పంచుకొనుట. దీనివలన వ్యయము తగ్గును. అయితే మితిమీరినచో ప్రాంతీయ కేంద్రము పేరునకు మాత్రము ప్రాంతీయమై, దూరనగరపు వాణిని తిరిగి పలుకు యంత్రముగా మిగులును. యూపిక్కున వార్త చదువువానిని తొలగించి పొదుపుచేసినచో మిగిలినది దేనికి?

దీనినిబట్టి తేలు సారాంశమిది. శ్రోతల చందా కేంద్రమునకు స్వాతంత్ర్యమునిచ్చును. ప్రజాధనము ప్రాంతముల నడుమ సమత్వమునిచ్చును. ఒకదానికి మరియొకటి బదులు కాజాలదు. చందా మాత్రమే ఉన్నచో సంపన్నుల భాషయే వినబడును. ప్రజాధనము మాత్రమే ఉన్నచో, ఇచ్చు చేయి ఏనాడైన నోరు మూయింపగలదు. కావున ప్రజాధనము బడ్జెటు చర్చలకు అతీతముగా, కార్నెగీ సంఘము సూచించినట్లు ప్రత్యేకాదాయరూపమున, శాసనబద్ధమై ఉండవలెను. ఆ సూచనను 1967లో త్రోసివేసిన ఫలము 2025లో అనుభవమునకు వచ్చినది.

మన స్థితి ఇందుకు దూరము కాదు. ఒకప్పుడు తపాలాకార్యాలయమున రేడియో లైసెన్సు రుసుము చెల్లించిన జ్ఞాపకము పెద్దలకు కలదు. ఆ రుసుము రద్దైనది. 1990 శాసనముచే రూపొంది 1997లో అమలులోనికి వచ్చిన ప్రసారభారతి పేరునకు స్వయంప్రతిపత్తి గలదైనను, కేంద్రప్రభుత్వపు గ్రాంటుపైననే ప్రధానముగా ఆధారపడియున్నది. తరంగములు ప్రజల ఆస్తియని సుప్రీముకోర్టు 1995లో తీర్పుచెప్పిన పిమ్మట, సామాజిక రేడియోకు మార్గము తెరచుకొన్నది. 2008 అక్టోబరు 15న నేటి సంగారెడ్డి జిల్లాలోని మాచునూరులో సంఘం రేడియో ప్రారంభమైనది. దళిత స్త్రీలు నడపు ఆ కేంద్రమున జహీరాబాదు ప్రాంతపు పలుకుబడి, చిరుధాన్యముల సేద్యము, పాటలు తమ సహజరూపమున వినబడినవి. పాఠ్యపుస్తకమునకెక్కని తెలుగునకు అది నెలవైనది. అట్టి కేంద్రములకును పోషణసమస్య తప్పదు.

భాషాపరిశోధకులు మాండలికములను సేకరించుటకు గ్రామములకు పోవుచున్నారు; ప్రశ్నావళులు సిద్ధపరచుచున్నారు. ప్రాంతీయ రేడియో ఆ పనిని ప్రతిదినము, అడుగకయే చేయుచున్నది. ఆ కేంద్రపు ధ్వనిముద్రికలను భద్రపరచుటకు తోడ్పడుటయు, దాని నిధులు తగ్గునపుడు మాటాడుటయు మన విద్యావిభాగముల బాధ్యతలలోనివే. నశించిన శాసనమును ప్రతులనుబట్టి పునరుద్ధరింపవచ్చును. నోటిమాట ఒక పరి మూగవోయినచో పునరుద్ధరింపదగిన ప్రతి లేదు.