మాస్కోనగరపు యుద్ధస్మారక దేవాలయము

యుద్ధమున జయము గల్గినపుడు రాజులు జయస్తంభములు నాటింతురు. అట్లుగాక దేవాలయమునే కట్టింప సంకల్పించిన రాజొకడు కలడు. అతడు రుష్యాచక్రవర్తి మొదటి అలెగ్జాండరు. అతని దేశమువారు క్రైస్తవులలో ఆర్థొడాక్సు శాఖవారు. ఆ యాలయచరిత్రము సోదరీమణులు తెలిసికొనదగినది గావున నిచట సంగ్రహముగా వ్రాయుచున్నారము.

1812వ సంవత్సరమున ఫ్రెంచిచక్రవర్తి నెపోలియను రుష్యాపై దండెత్తెను. బొరొదినోవద్ద నొక్కదినపు పోరులోనే యిరుపక్షములం గలిపి సుమారు 70 వేలమంది చచ్చియో గాయపడియో నేలగూలిరి. మాస్కో దగ్ధమయ్యెను. తుదకు చలిచేతను, ఆకలిచేతను, రుష్యనుల పరాక్రమముచేతను శత్రుసేన నశించెను. ఆ యేటి డిసెంబరులోనే చక్రవర్తి, రక్షకుడగు క్రీస్తు పేర మాస్కోలో నాలయము గట్టింతునని శాసనము వెలువరించెను.

1817లో పిచ్చుకకొండ లనుచోట పునాది వేసిరిగాని పని సాగలేదు. పిదప రాజ్యమునకు వచ్చిన మొదటి నికొలసు, శిల్పియగు కాన్‌స్టాంటిన్ టాన్ వ్రాసిన క్రొత్తపటమును మెచ్చి, క్రెమ్లినుకోటకు జేరువను నదియొడ్డున స్థలము నిర్ణయించెను. అచ్చట నదివఱకే సన్యాసినుల మఠ మొకటి కలదు. 1837లో దానిని గూల్చి యా స్త్రీలను నగరపు శివారునకు దరలించిరి. ఆ చోట నేదియు నిలువదని మఠాధ్యక్షురాలు శపించెనని జనులు చెప్పుకొందురు.

1839లో శంకుస్థాపన జరిగెను. 103 మీటర్ల యెత్తుగల యా మహామందిరమునకు 1883లోగాని ప్రతిష్ఠ జరుగలేదు. యుద్ధమున నిరువదవయేట వైధవ్యము పొందిన స్త్రీ యా యుత్సవమును జూడవలెనన్న 91 ఏండ్లు బ్రదుకవలసియుండెను!

లోపలి నడవలో 177 చలువరాతిపలకల నమర్చిరి. ప్రతి యుద్ధము జరిగిన దినమును, తావును, మడిసినట్టియు గాయపడినట్టియు నధికారుల పేరులును వానిపై జెక్కిరి. సామాన్యభటులకు మాత్రము పేరులు లేవు. ఇంతమంది యను సంఖ్యయే కలదు. సేనానిని గన్నతల్లికిని బంటును గన్నతల్లికిని కడుపుకోత యొక్కటియే గదా! ఏ తల్లియైనను తన బిడ్డను సంఖ్యగా నెఱుగునా?

1931 డిసెంబరు 5వ తేదీన స్టాలిను ప్రభుత్వమువారు ఆలయమును మందుపెట్టి పేల్చివేసిరి. ఆ స్థలమున లెనిను విగ్రహము శిఖరముగా సోవియట్టుసౌధమును నిర్మింప దలచిరి. ఇంతలో 1941లో జర్మనులు దండెత్తుటచే పని నిలిచిపోయెను. నిలిపిన యుక్కుకంబములను సైతము యుద్ధావసరములకై యూడదీసిరి. 1960లో నచ్చట నీతకొలను వెలసెను. మంచుకురియు దినములలోను దానిలో వేడినీట జను లీదుచుండిరి. మఠాధ్యక్షురాలి శాపము ఫలించెనని వృద్ధులు తలపోసియుందురు.

సోవియట్టురాజ్యము 1991లో నంతరించెను. 1995లో నదే స్థలమున మరల పునాది వేసి, పూర్వపురూపమునే యనుసరించి కట్టి, 2000 ఆగస్టు 19వ తేదీన ప్రతిష్ఠించిరి. ఒక తరమువారు కూల్చినదానిని వేఱొకతరమువారు నిలిపిరి. రాయి శాశ్వతముగాదు; దానిని మరల నిలువబెట్టిన స్మృతియే బలవత్తరము.

ఆ చలువరాతిపలకలును మరల వెలసినవి. పేరులు పేరులుగనే, సంఖ్యలు సంఖ్యలుగనే యున్నవి. చూడబోవువారు పేరులను జదివి ముందునకు సాగక, యా సంఖ్యలయొద్దను క్షణకాలము నిలిచిన బాగుండునని మేము తలంచెదము.