తిరుగు రెక్కకు తోడు తిరుగు కన్ను

పాశమైలారము పారిశ్రామికవాడలో లేతు యంత్రము ముందు నిలుచు పనివానికి మొదటి దినముననే నేర్పవలసిన సూత్రమొకటి కలదు. తిరుగుచున్న దానిపై చేయి వేయరాదు. కొలవదలచినచో యంత్రము నాపి కొలవవలెను. ఇరుసు వంకర పోయినదా యని చూచుటకు డయల్ గేజి నానించి, ఇరుసును చేతితో మెల్లగా త్రిప్పి, ముల్లు కదలికను గమనింతురు. ఇనుప ఇరుసునకు ఇది చాలును. కాని ఆగియున్నప్పు డొక రూపము, తిరుగునప్పుడు వేరొక రూపము ధరించు వస్తువు సంగతి యేమి?

అట్టి వస్తువును చూచుటకు దూరదేశము పోనక్కరలేదు. దుండిగల్ వైమానికదళ అకాడమీలో 2013లో శిక్షణకై ప్రవేశపెట్టిన పిలాటస్ విమానముల ముక్కున నాలుగు రెక్కల ప్రొపెల్లరు కలదు. నేలపై నిలిచియున్నంతసేపు ఆ రెక్క వట్టి లోహపు పలక. ఇంజను వేగ మందుకొనినంతనే దాని బ్రతుకు మారును. మధ్యనుండి కొనవరకు 1.2 మీటర్ల పొడవుగల రెక్క నిమిషమునకు 2000 చుట్లు తిరుగుచున్నదని యనుకొందము. కొనయందలి ఒక్క గ్రాము లోహము అయిదు కిలోల బరువునకు మించి వెలుపలికి లాగును. ఆ లాగుడు రెక్కను సాగదీయును; అంతతో నూరకుండక, దాని వాలును తగ్గించునట్లు మెలిపెట్టును. గాలిని వెనుకకు నెట్టుటవలన కలుగు ప్రతిబలము కొనను ముందునకు వంచును. ఇవి యన్నియు ఏకకాలమున జరుగును. వాలు ఒక డిగ్రీ మారినను విమానమును లాగు శక్తియు, ఇంధనపు ఖర్చును, చప్పుడును మారును. గణితముచే ముందుగా నూహింపవచ్చును. ఆ యూహకు సాక్ష్యము మాత్రము ఆకాశముననే దొరకవలెను.

రెక్క విరిగిన వార్తలు సామాన్యమైనవి కావు. 2017 జూలై 10న అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రముపై మెరైను దళమువారి రవాణా విమానమొకటి ఆకాశముననే ముక్కలై 16 మంది మరణించిరి. ప్రొపెల్లరు రెక్క నొకదానిని తినివేసిన తుప్పు పగులుగా మారి, విరిగిన రెక్క విమానపు దేహమును చీల్చినదని విచారణలో తేలినది. కెమెరా అట్టి తుప్పును పట్టి చూపగలదని చెప్పరాదు. లేని గొప్ప దానికి అంటగట్టుట న్యాయము కాదు. అయినను రెక్క యెచ్చట నెంత వంగునో తెలిసినవారికే, పగులు పుట్టినచో నది యెచ్చట త్వరగా పెరుగునో తెలియును.

వెనుకటినుండి వచ్చుచున్న పద్ధతిలో రెక్కపై సన్నని తీగ నతికింతురు. రెక్క సాగినప్పుడు తీగయు సాగి, దాని విద్యున్నిరోధము మారును. నమ్మదగిన పద్ధతియే, కాని అతికించినచోటి సంగతి తప్ప మరేమియు చెప్పదు. ఏనుగును తడిమిన గ్రుడ్డివారి చందము. వెలుపలినుండి ఫోటో తీయుదమన్న, పై లెక్క ప్రకారము కొన సెకనుకు 250 మీటర్లు పరుగెత్తును. సెకనులో వెయ్యవవంతు సేపు కెమెరా కన్ను తెరచినను, అంతలో కొన పావుమీటరు జరిగిపోవును. దొరకునది అలుకుడే గాని రూపము కాదు.

జర్మనీ దేశపు వైమానిక, అంతరిక్ష పరిశోధన సంస్థయైన డి.ఎల్.ఆర్. ఆధ్వర్యమున 2010, 2014 సంవత్సరముల నడుమ సాగిన ఐరోపా సహకార ప్రణాళికలో ఈ చిక్కునకు చక్కని విరుగుడు చూపిరి. చెక్ దేశపు ఎవెక్టర్ సంస్థవారి కోబ్రా యను చిన్న విమానమున, ప్రొపెల్లరు నడిబొడ్డున జంట కెమెరాల నమర్చి, అవియును రెక్కతోపాటు తిరుగునట్లు చేసిరి. తిరునాళ్ళలో రంగులరాట్న మెక్కిన యిరువురకు లోకమంతయు గిర్రున తిరుగును గాని, ఒకరి కొకరు కదలక కూర్చున్నట్లే కనబడుదురు గదా! కెమెరాకు రెక్కయు నట్లే నిలిచిపోయినది.

ఉపాయము వినుటకు సులభము. పైన చెప్పిన వేగముననే ఇరుసునకు అయిదు సెంటీమీటర్ల దూరమున నున్న కెమెరా తన బరువునకు రెండువందల రెట్లకు పైబడిన లాగుడు నోర్వవలెను. విద్యుత్తును, చిత్రములను దాచు సాధనమును దానివెంటనే తిరుగవలెను. బరువు ఒకప్రక్కకు ఒరిగినచో ఇంజనే వణకును. చక్రమునకు బాలెన్సు పట్టిన మెకానిక్కునకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక కొలుచుట యెట్లు? రెక్కపై క్రమము లేని చుక్కలు చల్లుదురు. క్రమము లేకపోవుటయే ఇందలి మర్మము. గళ్ళచీరలో ఒక గడికిని వేరొక గడికిని భేదము తెలియదు. చెదరిన చుక్కలలో ప్రతి గుంపునకును దానిదే ముఖము. కంప్యూటరు ఆ ముఖములను రెండు కెమెరాల చిత్రములలోను వెదకి పట్టుకొనును. మన రెండు కన్నులు దూరము నంచనా కట్టినట్లే, ప్రతి చుక్కయు ఎంత ముందునకు, ఎంత ప్రక్కకు జరిగినదో లెక్కించును. 1980 దశకమున అమెరికాలోని దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయమున రూపుదిద్దుకొన్న విద్య యిది. పాశమైలారమునకు చేరువనే, సంగారెడ్డి దారిలో కంది వద్దనున్న హైదరాబాదు ఐ.ఐ.టి. పరిశోధకులును దీనిని వాడి, దెబ్బతిన్న కార్బను పోగుల పలకలకు మాసిక వేసినపుడు బరువు ఎట్లు పంచుకొనబడునో పరిశీలించిరి. నేడు ప్రొపెల్లరు రెక్కలను పెక్కింటిని ఇట్టి పోగులతోనే చేయుచున్నందున, ఆ పరిశీలన విమానములకును పనికివచ్చునదే.

ప్రయోగశాలలో పలక కదలదు, దీపము మారదు. ఆకాశమున నట్లు కాదు. రెక్కతో తిరుగు కెమెరా ఒక్క చుట్టులోనే ఒకసారి ఎండను, మరొకసారి విమానపు నీడను, ఒకసారి మబ్బును, మరొకసారి నేలను చూచును. అదే చుక్క ఒక చిత్రమున తళతళలాడి, తరువాతి చిత్రమున మసకబారును. అందుచేత కంప్యూటరు వెలుగు హెచ్చుతగ్గులను ప్రక్కకు నెట్టి, చుక్కల పొందికను మాత్రమే పోల్చవలసియున్నది.